గుల్మార్గ్ మంచులో ఇంటి పసుపు

ఎనభైల్లో మా అల్లుడు మిలిటరీలో ఉండగా ఒకసారి నన్ను గుల్మార్గ్ తీసుకెళ్ళాడు. అక్కడ జనం కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకొని, మంచుకొండ మీదికి పోయి, కిందికి జారుతున్నారు. దాన్ని స్కీయింగ్ అంటారట. పైన ఏం పని ఉందని అడిగాను. ఏమీ లేదన్నారు.

ఆ రోజు పిల్లలకు జారే పోటీ ఉందట. దానికి ముందే ఆ ఊరి పిల్ల ఒకతి జారుతూ వచ్చి నా ముందే బోర్లా పడింది. గడ్డం చిట్లి నెత్తురు కారింది. తండ్రి పరుగెత్తుకొచ్చి ముందు చెక్కలు విరిగాయేమో చూశాడు, తరువాత పిల్లను చూశాడు. మనిషి నాకు నచ్చాడు.

నేర్పే మాస్టారు మాత్రం, "దవాఖానకు పో, ఇయ్యాల పోటీ లేదు నీకు" అన్నాడు. పిల్ల ఏడ్చింది దెబ్బకు కాదు, ఆ మాటకు.

పసుపు పండించే ఆర్మూరు వాళ్ళం, బయటి పసుపును నమ్మం. ఎక్కడికి పోయినా ఇంటి పసుపు కొంగున కట్టుకొని పోతాం. ముడి విప్పి గాయం మీద అదిమాను. నాకు వచ్చిన ఉర్దూతోనే మాట్లాడాను.

"కదలకు బిడ్డా. గింత దెబ్బకు దవాఖాననా?"

"మండుతుంది దాదీ!"

"మండనియ్యి. పెండ్లికి పూస్తున్ననా, సల్లగుండనీకి?"

నెత్తురు ఆగింది. మాస్టారు వంగి చూసి, సరే పోటీకి పొమ్మన్నాడు. పిల్ల చెక్కలు బిగించుకుంటూ, "జర పసుపు కట్టియ్యి దాదీ, మల్ల పడితే?" అంది.

ఖాళీ కొంగు దులిపి చూపించాను. "అయిపోయింది. పడకుండ రా."

పోటీలో పడకుండానే వచ్చింది, అందరికంటే ఆఖరున. చెప్పిన మాట వినే పిల్ల.