పండుగకో ఇంజక్షన్

ఈ రోజు మధ్యాహ్నం మా అక్క అన్నం తింటూ నీళ్లు తాగితే అవి ముక్కులోంచి బయటికి వచ్చాయి. ఎడమ కనురెప్ప అప్పటికే సగం వాలిపోయి ఉంది. పక్షవాతం అనుకున్నాను. దేవరుప్పుల నుంచి జనగామ దవాఖానా దాకా కారు ఎలా నడిపానో నాకే తెలియదు.

పక్షవాతం కాదట. అక్క మా మండలంలో చిన్నపాటి నాయకురాలు. ప్రతి పండుగకూ కొత్త ఫొటోతో శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టిస్తుంది. ఫొటో దిగే ముందు హైదరాబాద్ వెళ్లి ముడతలు పోయే ఇంజక్షన్లు వేయించుకుంటోందని ఈ రోజే తెలిసింది. బోనాలకు, వినాయక చవితికి, మళ్లీ బతుకమ్మకు. ముఖానికి, మెడకు కూడా.

"ఒకసారి ఏసుకున్నంక కనీసం మూడు నెలలన్న ఆగాలె గదమ్మా. మందు గొంతు కండరాలకు పాకింది," అన్నారు డాక్టరమ్మ.

"పండుగలు ఆగుతయా మేడం?" అంది అక్క ముద్దముద్దగా. "ఫొటోల ముడతలు కనబడితె, ముసల్దైంది, గీమెకింకేం టికెట్ అంటరు."

ఊపిరికి ఇబ్బంది రావచ్చని, ఇక్కడే ఉంచి చూడాలని చెప్పారు. నిరుడు నా భార్య పోయింది ఈ దవాఖానాలోనే. ఆమెకు ముడతలు పడే వయసు రాలేదు.

మీ ఇళ్లలో ఎవరైనా ఈ ఇంజక్షన్లు వేయించుకుంటుంటే ఎన్ని నెలలకోసారో అడగండి. జవాబు ఈ పోస్టు కింద రాసినా సరే, రాయకపోయినా సరే.

అక్క ఇప్పుడే నిద్రపోయింది. ఊపిరి చప్పుడు వినపడాలని ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాను.