తలుపు పక్కన సీటు కోసం ఒక అర్జీ

నా భయం కడుపులో ఉండేది. బొడ్డుకు కాస్త కింద, ఎడమ పక్కన. పరీక్ష అనే మాట వినపడితే చాలు, అక్కడెవరో కూర్చుని దూది ఏకుతున్నట్టుగా ఉండేది. దూదితో పోలిక ఎందుకంటే మాది ఆదోని, మా నాయనది పత్తి మండీ. మా ఇంట్లో ప్రతి విషయమూ చివరికి దూది దగ్గరికే వస్తుంది.

దానికి వైద్యం చేయించలేదని ఎవరూ అనడానికి లేదు. అమ్మ దిష్టి తీసింది. మంత్రాలయం అక్షింతలు తల మీద వేసింది. మండీలో బేళ్లు మోసే సాయిబు ఒకాయన దర్గా నుంచి తాయెత్తు తెచ్చి తనే నా జబ్బకు కట్టాడు. కాంపౌండరు మాత్రం ఇవి నులిపురుగులని తేల్చేసి మాత్ర మింగించాడు. పురుగులు పోయాయి. కడుపంతా భయానికే మిగిలింది.

ఆరో తరగతి పెద్ద పరీక్షల్లో, సోషల్ పేపరు రోజున, పది నిమిషాలు కూర్చుని లేచి ఇంటికి నడుచుకుంటూ వచ్చేశాను. నాయన మండీ ముందు నిలబడి పత్తి పోగును వేళ్లతో సాగదీసి పొడుగు చూస్తున్నాడు. నా చేతిలోని కాగితాల వైపు చూశాడు.

“ఏంరా, పరీచ్చ అప్పుడే అయిపోయిందా?”

“లేదు నాయనా. వచ్చేసినా.”

“కొచ్చిన్ పేపరు ఇంటికి తెచ్చుకునేటోళ్లను శానామందిని చూసినా. రాసే పేపరు గూడా తెచ్చినోన్ని నిన్నే చూస్తాండా.”

రెండు దెబ్బలు వేసి ఉంటే ఆ సాయంత్రానికి మరిచిపోయేవాడిని. ఆయన మాటన్నాడు. మాట సాయంత్రానికి పత్తి బజారంతా తిరిగి, మరుసటి రోజుకు జిన్నింగు మిల్లుల దాకా వెళ్లింది. స్కూలువాళ్లు నన్ను పాసు చేసి, ఆ చేత్తోనే టీసీ ఇచ్చారు.

పత్తి కొనడానికి వచ్చే ఒక ఎమ్మిగనూరు వ్యాపారి, తమ ఊరి మిషన్ స్కూల్లో పిల్లలను కొట్టరని, హాస్టలు కూడా ఉందని చెప్పాడు. అమ్మ కంగారు పడింది.

“కిరస్తానం బడికా? వాన్ని మతంలో కలిపేసుకుంటే?”

“ముప్పై మంది కూసున్న రూములో కూసోలేడు వాడు,” అన్నాడు నాయన. “మతమంటే ఎంతమంది ఉంటారో నువ్వే సెప్పు.”

బస్సు ఎక్కించేటప్పుడు నాతో మాత్రం నవ్వకుండా మాట్లాడాడు. ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష. వేరే బళ్లో, ఎవరో తెలియని సార్ల ముందు రాయాలి. “ఈసారి గూడా లేసి వచ్చినావనుకో, యాడికీ పోవద్దు, నేరుగా మండీకి రా. తూకం కాడ కూసుందువు గానీ.” తూకం దగ్గర కూర్చోవడం చెడ్డ పనేమీ కాదు. మా నాయన ఆ పనే చేశాడు, మా తాత ఆ పనే చేశాడు. కానీ వాళ్లు అక్కడికి నడిచి వెళ్లారు. నేను పారిపోయి చేరుకున్నట్టవుతుంది. బజారు ఆ తేడాను నా ముసలితనం దాకా గుర్తు పెట్టుకుంటుంది.

ఎమ్మిగనూరు మిషన్ స్కూలు నేత వీధులకు దగ్గర. మగ్గాల చప్పుడులోనే ప్రార్థన, మగ్గాల చప్పుడులోనే లెక్కలు. హాస్టల్లో ఆదివారం మాంసం వండితే నాకు రెండు అరటిపళ్లు ఇచ్చేవాళ్లు. అందువల్ల నా మతానికి వచ్చిన ప్రమాదమల్లా అరటిపళ్ల మీద విసుగు పుట్టడమే.

నన్ను ఆశ్చర్యపరిచింది శుక్రవారం డబ్బా. పాత బిస్కెట్ల డబ్బాకు మూత మీద గంటు పెట్టి ఆఫీసు వరండాలో ఉంచేవాళ్లు. మనసులో బాధ ఉన్నవాళ్లెవరైనా చీటీ రాసి అందులో వేయొచ్చు. పేరు రాయక్కర్లేదు. శుక్రవారం ఉదయం హాస్టలు చూసుకునే టీచరమ్మ వాటిని అందరి ముందూ చదివేది. ఒక్కొక్క చీటీకి అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాళ్లు. మా ఎద్దు కుంటుతోంది, నయం కావాలి. మా అమ్మ కూలికి పోయిన చోట తేలు కుట్టింది. లెక్కల సారుకు బదిలీ కావాలి. ఈ చివరి చీటీని కూడా టీచరమ్మ, పక్కనే లెక్కల సారు నిలబడి ఉండగానే, గొంతు మారకుండా చదివింది. “ఈ సంగతి దేవుని చిత్తానికి వదిలేద్దాం” అంది. సారు కూడా కళ్లు మూసుకున్నాడు. ఆయన ఏమని ప్రార్థించాడో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

మూడు నాలుగు శుక్రవారాలు చూసి, నేనూ ఒక చీటీ వేద్దామనుకున్నాను. నమ్మకంతో కాదు. తాయెత్తుకు, మాత్రకు ఇచ్చిన అవకాశం దీనికి మాత్రం ఎందుకు ఇవ్వకూడదని. కానీ పెద్దవాళ్లకు కాగితం రాయాలంటే నాకు వచ్చింది ఒకటే పద్ధతి, సెలవు చీటీ. ఆ పద్ధతిలోనే రాశాను:

“గౌరవనీయులైన యేసుప్రభువు గారి దివ్య సముఖమునకు. అయ్యా, నేను తమ పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్నాను. పరీక్ష హాలులో కూర్చున్న పది నిమిషములకు కడుపులో మెలిపెట్టి, లేచి పారిపోవలెనని అనిపించుచున్నది. ఇదివరకు ఒకసారి పారిపోయి ఉన్నాను. కావున తమరు దయతలచి, పబ్లిక్ పరీక్షలో నాకు తలుపు పక్కన సీటు ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. ఇట్లు, తమ విధేయుడు, ఏడవ తరగతి, రోల్ నెంబరు ముప్పై ఒకటి.”

పేరు రాయకూడదన్నారు కాబట్టి రాయలేదు. రోల్ నెంబరు రాయకూడదని ఎవరూ అనలేదు. ఆదోనిలో మా పాత సారు, నెంబరు లేని కాగితాన్ని దిద్దకుండా కిటికీలోంచి పారేసేవాడు. ఆ భయం కొద్దీ నెంబరు కింద గీత కూడా గీశాను.

ఆ వారం టీచరమ్మకు గొంతు పట్టేసింది. చీటీలు చదివే పని పదో తరగతి అక్కకు అప్పజెప్పింది. ఆ అక్కకు ఉన్నది ఉన్నట్టు చదవడంలో బహుమతులు వచ్చాయి. గౌరవనీయులైన దగ్గర మొదలుపెట్టి, ముప్పై ఒకటి దాకా, కామాలతో సహా చదివింది.

స్కూలంతా నవ్వింది. మా వరస మొత్తం నా వైపు తిరిగింది. నేను కూడా వెనక్కి తిరిగి, ఆ ముప్పై ఒకటి ఎవరా అన్నట్టు చూశాను. లాభం లేకపోయింది. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

టీచరమ్మ లేచి నిలబడింది. నవ్వొద్దని అనలేదు. పట్టేసిన గొంతుతోనే, “ముప్పై ఒకటో నెంబరు కోసం ప్రార్థన చేద్దాం” అని కళ్లు మూసుకుంది. తలుపు పక్కన సీటు దొరికినా దొరక్కపోయినా బిడ్డకు తోడుగా ఉండమని అడిగింది. నేను కళ్లు తెరిచే ఉన్నాను. వందల మంది పిల్లలు, సార్లు, గంట కొట్టే తాత, అందరూ తలలు వంచి ఉన్నారు. నా సంగతి అందరికీ తెలుసు, అయినా ఒక్కరూ నన్ను చూడటం లేదు. ఆదోనిలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది.

ఆ రోజంతా ఎవరేమంటారా అని కాచుకుని ఉన్నాను. రెండు మూడు జోకులు ముందే తయారు చేసి పెట్టుకున్నాను కూడా. సాయంత్రం హాస్టల్లో నా పక్క ట్రంకుపెట్టెవాడు వచ్చాడు. గోనెగండ్ల కూలీల బిడ్డ. పామును తోక పట్టుకుని తిప్పినవాడని పేరు.

“ఏమప్పా శెట్టీ, నీకు కడుపులోనా?”

“ఊ.”

“నాకు మోకాళ్లల్లో. లెక్కల పరీచ్చంటే జిల్లుమంటాయి. లేసి పోదామన్నా లేయలేను. అందుకే నేను పారిపోల్యా, లేకుంటే నీకంటే ముందే పోయుందును.”

“మరి పాము?”

“పాము కొచ్చిన్లు అడగదు కదరా.”

నేను తయారు చేసుకున్న జోకులు ఒక్కటీ పనికి రాలేదు.

అక్కడి నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఎవరు దొరికితే వాళ్లను, “నీకు యాడుంటాది?” అని అడగడం. నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకోవడం. ఆస్పరి నుంచి వచ్చిన పిల్లవాడికి గొంతులో. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయికి ముక్కులో, పేపరు అందుకోగానే వరసగా తుమ్ములు. ఒకడు యాడా లేదన్నాడు. మరుసటి రోజు వచ్చి, సెవుల్లో అని ఒప్పుకున్నాడు. కడుపువాళ్లు నాతో కలిపి తొమ్మిది మంది తేలారు. ఇన్నాళ్లూ నేనొక్కడినే అనుకుని, సొంత ఆస్తి మీద ఉండేంత గర్వం దాని మీద పెంచుకున్నానేమో, కొంచెం నిరాశే కలిగింది.

ఆ పుస్తకం టీచరమ్మ చేతికి చిక్కింది. తిడుతుందనుకున్నాను. పేజీ మొత్తం చదివి, “నన్ను అడగలేదేమప్పా?” అంది.

“మీకు గూడా ఉంటాదా టీచర్?”

“గుళ్లో పాట ఎత్తుకోవల్లంటే అరచేతులు తడుస్తాయి. ఇరవై ఏండ్లుగా ఎత్తుకుంటానే ఉండా, తడుస్తానే ఉండాయి.”

“ప్రార్థన సేస్తారు కదా. పోవల్ల కదా?”

“పొమ్మని అడిగితే కదా పోయేది. సిలువ ఎక్కే ముందు రాత్రి ప్రభువే తోటలో కూసోని సెమటలు కార్చినాడు. నాకెవరున్నారని ఏడ్చినాడు. ఆయనకే తప్పంది, నాకెట్ల తప్పుతాది? భయమైతాంది తండ్రీ అని సెప్పుకుంటా. సెప్పుకోని పాడతా.”

మా ఇంట్లో దేవుళ్లకు చేతుల్లో ఆయుధాలుంటాయి. వాళ్లకు నా కడుపు సంగతి చెప్పుకోవాలంటే కొంచెం చిన్నతనంగా ఉండేది. చెమట పట్టే దేవుడుంటాడని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను నమ్మానా అంటే, ఏమో. కానీ పరిచయం చేసుకోదగ్గ మనిషే అనిపించింది.

తరువాతి స్లిప్ టెస్టులో పది నిమిషాలకు నా కడుపు తన పని మొదలుపెట్టింది. లేచాను. టీచరమ్మే కాపలా.

“యాడికి?”

“కడుపులో భయమైతాంది టీచర్.”

“సెప్పినావు కదా. కూసో. మళ్లా వస్తే మళ్లా సెప్పు.”

కూర్చున్నాను. ఆ ఒక్క టెస్టులో ఆరుసార్లు లేచి చెప్పాను. నా వెనకవాడు, “రేయ్, నువ్వు పరీచ్చ రాస్తాండావా, బస్కీలు తీస్తాండావా?” అన్నాడు. మరుసటి టెస్టుకు నాలుగయ్యాయి. ఆ తరువాత మూడు. నేను ఒక విషయం గమనించాను. నేను చెప్పిన తరువాత మెలిపెట్టడం ఆగేది కాదు, కానీ లేచి పరుగెత్తాలనే తొందర తగ్గేది. ప్రార్థన వల్లా, నోరు తెరవడం వల్లా, అంతమంది ఎదుట పరువు ఎలాగూ పోయింది కాబట్టా? విడదీసి చూడాలని చాలా ప్రయత్నించాను. ప్రార్థన లేకుండా ఒకసారి, మనసులోనే చెప్పుకుని ఒకసారి. మనసులో చెప్పుకుంటే సరిగ్గా పని చేయలేదు. ఎవరో ఒకరు వినాలి. టీచరమ్మనడిగితే, “వినేవాడు ఒకడున్నాడని నమ్మేదే కదా ప్రార్థనంటే” అని, నా ప్రయోగాన్ని నాలుగు మాటల్లో తన వైపు లాగేసుకుంది.

పబ్లిక్ పరీక్షకు గవర్నమెంటు స్కూలు సెంటరు. మొదటి రెండు రోజుల తెలుగు, హిందీ ఎలాగో గడిచాయి, కాపలాకు వచ్చినాయన మా వెనక బెంచీలో కునుకు తీసే రకం. మూడో రోజు లెక్కలు. బయలుదేరేముందు హాస్టలు ముంగిట్లో మమ్మల్ని నిలబెట్టి, మార్కుల కోసం దేవుణ్ణి ఒక్క ముక్క అడగకుండా, ఎవరికి ఎక్కడ భయంగా ఉందో పైకి చెప్పించి, ఒక పాట పాడించింది టీచరమ్మ. మోకాళ్లు, గొంతు, ముక్కు, కడుపు. దారిన పోయే నేతపని ఆయన సైకిలు ఆపి, ఇదేదో ఆసుపత్రి అనుకున్నట్టు చూశాడు.

నా సీటు తలుపు పక్కన లేదు. తలుపుకు ఎంత దూరంగా ఉండొచ్చో అంత దూరంగా, ఎదుటి మూలన ఉంది. అర్జీ తిరస్కరించారన్నమాట. కాపలాకు కొత్త సారు. మీసాలు చూస్తే పోలీసు ఉద్యోగం తప్పిపోయి బడికి వచ్చినట్టున్నాడు.

పది నిమిషాలు. కడుపు మొదలైంది. కాళ్లు నన్ను అడక్కుండానే నిలబెట్టాయి.

“ఏం కావల్లరా?”

ఈయనకు నా సంగతి తెలియదు. ఇది మా టీచరమ్మ కాదు, మా బడి కాదు. ఎదురుగా తలుపు, తలుపు బయట రోడ్డు, రోడ్డు చివర ఆదోని బస్సు, బస్సు చివర తూకం.

“భయమైతాంది సార్,” అన్నాను. “కడుపులో.”

హాలంతా తలెత్తింది. ఆయన దగ్గరికి వచ్చాడు.

“బయటికి పోవల్లనా?”

“వద్దు సార్. సెప్పి కూసుంటా.”

“నాకెందుకు సెప్పేది?”

“ఎవరికో ఒకరికి సెప్పల్ల సార్.”

ఆయన మీసం కాసేపు అటూ ఇటూ కదిలింది. “సరే, సెప్పినావు కదా,” అన్నాడు. “కూసో మరి.”

కూర్చున్నాను. మధ్యలో ఇంకోసారి చెయ్యెత్తాను. ఆయన ఉన్న చోటి నుంచే తెలిసిందన్నట్టు తలూపాడు. ఆ తరువాత లేవలేదు. చివరి గంట దాకా కూర్చున్నాను. కూర్చున్నాకే అసలు విషయం తెలిసింది. నాకు లెక్కలు రావు. ఇన్నేళ్లూ భయం అడ్డు వచ్చి, ఆ సంగతి కనిపించనివ్వలేదు.

సెంటరు గేటు బయట టీచరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ముందుకు వచ్చింది.

“ఎట్లా రాసినావు?”

“కూసున్నా టీచర్. ఆఖరు దాకా.”

ఆమె కళ్లు ఒక్క క్షణం మూసి తెరిచింది. “అది సరే. ఎట్లా రాసినావని అడిగినా.”

“దానికి వేరే చీటీ వేయల్ల.”

“రేపు సైన్సు,” అంది ఆమె, గొడుగు నా మీదికి జరుపుతూ. “నడువు. పోయి సదువుకో.”