నేను కట్టిన గెడ

నాకు పదేళ్ళుంటాయేమో అప్పుడు... ఇటుకల పండగ. మగోళ్ళంతా విల్లులు, గొడ్డళ్ళు పట్టుకుని వేటకి పోయేరు. ఆడోళ్ళు ఘాటీ రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టుకుని పాటలు పాడతన్నారు. ఏ బండైనా ఆగాలి, పండక్కి ఎంతో కొంత ఇవ్వాలి, అప్పుడే గెడ ఎత్తుతారు. మా అరకు కొండల్లో అది ఆనవాయితీ.

ఫోన్లో ఈ బండ్లోళ్ళ గుంపులో అందరూ నన్ను అడుగుతుంటారు... తాతా, నీకు బండి పిచ్చి ఎలా పట్టింది అని. యాభై ఏళ్ళు పైగా తోలేను, ఘాటీలో ఒక్కసారి కూడా పడలేదు. ఆ మాట గొప్పగానే చెప్తాను. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా దారిన మోటారు సైకిలు ఒక్కటే తిరిగేది. కాఫీ తోటల్లో పని చేయించే మేస్త్రీది, మైదానం మనిషి. లోయ అవతల చప్పుడు వినపడితే చాలు, మేకలొదిలేసి పరిగెత్తేవోణ్ణి. ఒక్కసారి ముట్టుకుంటే చాలనుకునేవోణ్ణి... అతనెప్పుడూ ఆగలేదు.

పండగ మొదటి రోజు కూడా తల వంచి గెడ కింద నుంచి దూరిపోయేడు. ఆడోళ్ళు నాలుగు తిట్టి నవ్వేసేరు. నాకు నవ్వు రాలేదు.

రెండో రోజు ఆడోళ్ళు చెట్టు నీడన అంబలి తాగుతుంటే నేనో పని చేసేను. గెడ చేత్తో పట్టుకోవాలి గానీ కట్టకూడదు. ఆగని బండి వస్తే ఎత్తెయ్యాలి కదా... నేను రెండు చివర్లా రెండు చెట్లకి అడ్డాకు తీగతో బిగించి కట్టేసేను. తల వంచినా దూరకుండా అతని రొమ్ము ఎత్తుకి. ఇప్పుడెలా పోతాడో చూద్దామని.

బండి వంపు తిరిగి దిగింది. అతను ఆగడని అందరికన్నా ముందు మా అమ్మకే తెలిసింది. లేచి పరిగెత్తి గెడ ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులా లాగింది... లేవలేదు.

గెడ అతని రొమ్ముకి తగిలింది. మనిషి ఎగిరి వెనక పడ్డాడు. బండి ఒక్కటే పోయి మా అమ్మ కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక బయటకొచ్చింది. అంత తెల్లగా ఉంటాదని నాకు అప్పటిదాకా తెలీదు.

సరిగ్గా అప్పుడే వేటకి పోయినోళ్ళు దిగేరు. వేట దొరక్కుండా వస్తే మా ఆడోళ్ళు పేడనీళ్ళు కొడతారు, ఊళ్ళోకి రానివ్వరు. ఆ రోజు మావాళ్ళకి కుందేలు కూడా దొరకలేదు. సిగ్గుతో వస్తన్నోళ్ళకి అడవిలో దొరకని నెత్తురు దారి మీద కనపడింది.

కుమ్మేసేరు. కర్రలు, కాళ్ళు, రాళ్ళు... అతని ఎడం చెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను, ఎండు కొమ్మ విరిగినట్టే.

"గెడ కట్టేసుందయ్యా, సూడండి" అని అతను అరుస్తానే ఉన్నాడు. ఎవడు చూస్తాడు.

మా అయ్య గొడ్డలితో ముందు బండి లైటు పగలగొట్టేడు. తరవాత సీటు నరికేడు. తరవాత మనిషి వైపు తిరిగేడు.

నేను మధ్యలో పడ్డాను. "నేనే కట్టినాను, అయ్యా."

"ఏటి?"

"గెడ. బండి ముట్టుకుందామని... నేనే."

అయ్య గొడ్డలి తిరగేసి కొట్టేడు. గొడ్డలి వెనక మడమ నా మూతికి తగిలింది. ముందు పళ్ళు రెండు రోడ్డు మీద పడ్డాయి. ఇంకో దెబ్బ కూడా పడేదే.

"ఈడినీ ఆడినీ రేపు సంపుకుందువు గానీ" అంది అమ్మ, కింద పడుకునే. "బేగి నన్ను ఆసుపత్రికి పంపించు."

డోలీ కడితే అరకు చేరేసరికి పొద్దుపోతాది. అంతసేపు నెత్తురు ఆగదు.

దెబ్బలు తిన్న మేస్త్రీ లేచి కూర్చున్నాడు. ఎంగిలి ఉమ్మేడు, అంతా ఎరుపే. "బండి నడుస్తాది. నాకు ఎడం చెయ్యి లేదు. క్లచ్చి నొక్కడానికి ఒకడు కావాల."

అయ్య నా రెక్క పట్టుకుని టాంకీ మీద కూకోబెట్టేడు. "కట్టినోడే నొక్కుతాడు."

అమ్మ కాలుకి వెదురు బద్దలు పెట్టి, వెనక కూకోబెట్టి, ఆమెని చీర కొంగుతో అతని నడుముకే కట్టేరు. ఎవడి బండి కాలు విరగ్గొట్టిందో వాడి వీపు మీదే తల వాల్చింది.

ఒక చెయ్యి చాలక క్లచ్చి రెండు చేతులా పట్టేను. అతను నా చెవి దగ్గర "నొక్కు... ఒదులు... మెల్లిగా ఒదలరా గుంటడా, మీ అమ్మకి అదురుతాది" అంటానే ఉన్నాడు. ఒక్క బూతు మాట అనలేదు. నా నోట్లో నెత్తురు, అతని నోట్లో నెత్తురు. బండి ఒక్కసారి కూడా ఆగిపోలేదు.

అమ్మ కాలు తీసేసేరు. మనిషి దక్కింది.

సాయంత్రానికి అయ్య నడుచుకుంటా వచ్చేడు. ఆసుపత్రి అరుగు మీద చేతికి కట్టుతో మేస్త్రీ కూర్చునున్నాడు. అయ్య పక్కన కూర్చుని చుట్ట వెలిగించి అతని నోట్లో పెట్టేడు.

అమ్మ ఇంకో ముప్ఫై ఏళ్ళు కర్ర మీద నడిచింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు ఆదివారం వస్తే మా ఘాటీ నిండా బండ్లే. తలకాయ మీద కెమెరాలు, మోకాళ్ళకి కవచాలు. కుర్ర గుంటలకి షోరూమోడు నేర్పుతాడు, ఫోను నేర్పుతాది. బాగానే తోలతన్నారు, కాదనను... కానీ క్లచ్చి అంత మెల్లిగా ఒదలడం నాకు ఇంకెవరి దగ్గరా కనపడలేదు.

మీకు బండి నేర్పినోళ్ళెవరు... అప్పుడు వెనక సీట్లో ఎవరున్నారు... దాచకుండా రాయండి.