ఖాళీ గుమ్మం క్యాసెట్టు

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమెకు చెముడు వచ్చిందని ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. అరవైతొమ్మిది ఉద్యమం నాళ్ళు, జనగామలో మా బడి మూసేశారు. ఒక పొద్దున అవ్వ ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. జై తెలంగాణ అంటూ కొందరు పోరగాళ్ళు సందులోకి పరుగెత్తుకొచ్చారు, వాళ్ళ వెనక లాఠీలతో పోలీసులు. వాడంతా దబదబా తలుపులు వేసుకుంది. నేను గడపలో నిలబడి "అవ్వా! అవ్వా!" అని గొంతు చించుకున్నాను. అవ్వ వెనక్కి తిరగలేదు. చీర దులిపి తాడు మీద వేసి అంచులు సరిచేస్తోంది. లాఠీ ఒకటి ఆమె భుజం పక్కనుంచే పోయింది. అప్పుడు తిరిగి, "ఏమైంది బిడ్డా?" అంది.

అవ్వ తల్లికీ అంతేనట, పిల్లలు పుట్టాక చెవులు మూతపడ్డాయట. వరంగల్ దవాఖానలో డాక్టరు, ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చన్నాడు. నాయిన వెంటనే నా వైపు చూశాడు. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయనది జనగామలోనే ఫోటో స్టూడియో. ఎనభైల్లో పెళ్ళిళ్ళకు వీడియో మోజు మొదలైతే ఆయనా ఒక కెమెరా కొన్నాడు. పెళ్ళికూతురికి స్నానం చేయించే చోటికి మగవాళ్ళు పోరాదు కనుక ఆ పని నాకు నేర్పాడు. నేర్పడమంటే తిట్టడమే. మైకు పనిచేస్తోందో లేదో తెలియడానికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. మహబూబాబాద్‌లో ఒక పెళ్ళింట ఆడవాళ్ళు పాట అందుకున్నారు. నా ఇయర్‌ఫోన్‌లో ఏమీ లేదు. మైకు చెడిపోయిందని మా ఆయన్ని మనసులో నాలుగు తిట్టి, దాన్ని ఎడమ చెవి నుంచి తీసి కుడి చెవిలో పెట్టుకున్నాను. పాట శుభ్రంగా వచ్చింది. చెడింది మైకు కాదు. అక్కడే పీట మీద కూలబడ్డాను.

మా ఆయనకు చెప్పలేదు. నేను పలకకపోతే, "చెవిటోని ముందల శంఖం ఊదినట్టే ఉంది నీతోని" అని నవ్వేవాడు. నవ్వలేక నేనూ నవ్వేదాన్ని.

చెవులు పోయేలోపు చప్పుళ్ళను కళ్ళకు అప్పజెప్పాలనుకున్నాను. చప్పుడు చేసేదాన్ని వీడియో తీసి పెట్టుకుంటే, రేపు దాన్ని చూసినప్పుడు చప్పుడు లోపలి నుంచి అదే వస్తుందని నా ఆశ. నూనెలో ఆవాలు, బోరింగు, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగుతున్న రైలు. తర్వాత టీవీ వాల్యూం మొత్తం తగ్గించి చూసేదాన్ని. ఆవాలు ఎగిరితే చిటపటలు మనసుకు వినబడేవి.

"గిదేం వీడియోనే? మనిషి లేడు, మాట లేదు. క్యాసెట్టు దండుగ" అన్నాడు మా ఆయన.

నాకు అసలు కావలసింది నా కూతురి పిలుపు. పిలుపు ఎప్పుడూ వీపు వెనక నుంచే వస్తుంది, పిలిచే నోరు కనబడదు. అందుకే కెమెరాను పెరటి గుమ్మానికి పెట్టి, బిడ్డను పరదా అవతల నిలబెట్టాను. పిలిచినప్పుడల్లా పరదా కొస లాగమన్నాను. ఆటనుకుని తెగ పిలిచింది. ఎవరూ లేని గుమ్మం, ఊగే పరదా, అంతే ఆ క్యాసెట్టు.

దాన్ని పెట్టి చూడాలంటే మాత్రం భయమేసేది. ఏమీ వినబడకపోతే? ఆ రోజు అవ్వ ఆరేసిన చీర కళ్ళ ముందు మెదిలేది.

చాలా నెలలకు, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం ధైర్యం చేశాను. కంగారులో మీట ఎటు తిప్పానో, వాల్యూం తగ్గించాననే అనుకున్నాను. పరదా కదిలింది. "అమ్మా" అని సన్నగా, ఎక్కడో దూరం నుంచి వినబడింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ వినబడింది. దాచుకున్నది ఎటూ పోలేదని ఏడుపొచ్చింది.

ఇంతలో బిడ్డ బడి నుంచి వచ్చి, చెవులు మూసుకుని నా ముందు నిలబడింది.

"గింత సౌండు పెట్టినవేందే అమ్మా! నా గొంతు బజారు దాంక ఇనవడుతుంది."

తానే వెళ్ళి వాల్యూం పూర్తిగా తగ్గించింది. తెర మీద పరదా మళ్ళీ ఊగింది. ఊపిరి బిగబట్టి విన్నాను. మనసులో కూడా ఏమీ లేదు. జ్ఞాపకం అనుకున్నది నా చెవుల్లో మిగిలిన కాస్త వినికిడే.

"ఏమైందే?" అని బిడ్డ పెదవులు అడిగాయి.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎక్కడ కూర్చున్నా, గుమ్మానికి ఎదురుగానే కూర్చుంటున్నాను.