తీగ మీద వేలు

దయ్యాల మాట వస్తే నేను లేచి గదిలోంచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మా తమ్ముడు రెడ్డెప్ప పుంగనూరులో టీవీలు, రేడియోలు బాగు చేసేవాడు. గుండెపోటుతో పోయాడు. అమ్మను, వాడి సామాను పెట్టెను మదనపల్లెలో మా ఇంటికి తెచ్చుకున్నాను. పెట్టెలో సగం కట్టిన ఆంప్లిఫయర్ ఉంది. అయిదు కాళ్ల చిప్పు, దాని వెనక అల్యూమినియం రేకు. చెవిలో అరిస్తే తప్ప వినపడని అమ్మకోసం మొదలుపెట్టాడు.

నేను పుంగనూరు వెళ్లిన రోజు అమ్మకని వాడు పంపిన చివరి వాయిస్ మెసేజి నా ఫోన్లో ఉంది. అమ్మకు దాన్ని ఒక్కసారి వినిపించాలి. ఫోను చెవికి ఆనించినా ఆమెకు అందలేదు.

కుప్పంలో ఉండే వాడి స్నేహితుడు మునెప్ప ఫోన్లో చెబుతుంటే మిగతా పని చేశాను. నేను అతికించిన తీగల ఫొటో పంపితే నవ్వాడు.

"ఇది సోల్డరింగా అన్నా, పిట్ట రెట్టేసినట్టుండాది. ప్లస్సూ మైనస్సూ తిరగేసినావో, వాడు అతికించిన చిప్పు పొగైపోతాది. సూసుకో."

కట్టింది పని చేస్తోందో లేదో చూడడానికి తమ్ముడు కరెంటు పెట్టి, శబ్దం లోపలికి వెళ్లే ఇన్‌పుట్ తీగ కొనకు వేలు ఆనించేవాడు. స్పీకరు బుర్రుమనేది. పొట్టిగా రెండుసార్లు, పొడుగ్గా ఒకసారి. ఎప్పుడూ అంతే.

ఆ ఆదివారం పగలు పదకొండు గంటలకు అన్నీ తగిలించి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. ఇన్‌పుట్ తీగ దేనికీ తగలకుండా బల్ల మీద ఉంది.

స్పీకరు బుర్రుమంది. పొట్టిగా రెండుసార్లు, పొడుగ్గా ఒకసారి.

ప్లగ్గు నా చేతిలోనే ఉంది. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు అనుకుందామంటే, అవి ఆ ఉదయమే అతికించిన కొత్తవి, ఒక్కసారీ కరెంటు ఎక్కనివి.

పెరట్లో అనపకాయలు ఒలుస్తున్న అమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, వాని మాదిరే తడతాండావే," అంది.

చాలాసేపు ప్లగ్గు పెట్టలేకపోయాను. మునెప్ప చెప్పినట్టు కరెంటు దారిలో ఒక బల్బు పెట్టాను. అది నిండుగా వెలుగుతూ నిలిచిపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు. స్విచ్చి వేశాను. బల్బు ఒకసారి మెరిసి మసకబడింది. చిప్పు నిలిచింది.

బల్బు తీసేసి, ఫోను తగిలించి, వాల్యూము చివరిదాకా తిప్పాను. "మా, వస్తాండా, తలుపు గడి పెట్టాకు." తలుపు తీసే ఉంచమన్న తమ్ముడి గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి.

అమ్మ స్పీకరు మీద అరచెయ్యి పెట్టింది.

"అదురుతాండాది నాయనా. మాట ఇనపళ్లా. ఇందాక బాగా ఇనపడిందే, అట్లనే పెట్టు."

అట్లా ఎలా పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.