డేగమ్మ తెచ్చుకున్న కన్ను

ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. డేగమ్మ అన్నారు, అంతే. మైక్రోస్కోపు మీదికి వంగిందంటే ఏ తెల్లకణమూ ఆవిడను తప్పించుకుపోయేది కాదు. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని చదివించింది, పెళ్లి చేసింది, తన పెళ్లి మాట మాత్రం ఎత్తలేదు. అంతా ఆ కంటి చలవే.

పాడు రోగం పోయి పోయి ఆ కంటికే వచ్చింది. చూపుకు నడిమధ్య మసక మచ్చ ఒకటి తిష్ఠ వేసింది. కంటి డాక్టరు రెండు కళ్ళూ చూసి, తగ్గేది కాదమ్మా, పెరిగేదే అన్నాడు. డేగమ్మ ఆ మాట చెల్లెలికి చెప్పలేదు, ఆసుపత్రిలో అసలే చెప్పలేదు. చెబితే మర్నాడు తన స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటారు. అలవాటు మీదే లెక్కపెడుతూ నెట్టుకొచ్చింది.

ఫొటో ఇస్తే కణాలను తనే లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుందని, శాస్త్రవేత్తలే రాసి అందరికీ ఊరికే ఇస్తున్నారని ఎవరో అన్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ మహానుభావులెవరో అడక్కుండానే పెట్టారు. డేగమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం చెల్లెలి వంటగదిలో, బల్లమీది ల్యాప్‌టాప్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. డౌన్‌లోడ్ సగంలో ఆగి మళ్ళీ మొదటికొచ్చింది. జిప్ ఫైలు విప్పకుండానే చెల్లెలు లోపలి బొమ్మ మీద నొక్కి, తెరుచుకోలేదని తిట్టింది. విప్పాక, తను నడవాలంటే జావా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉండాలి, అది లేదంది. జావా పెడితే, ఇది పాతది, కొత్తది తెమ్మంది.

"కొత్తల్లుడికి కూడా ఇన్ని అలకలుండవక్కా!"

"అలిగితే అలగనీలేవే, పని చేస్తే చాలు."

ఎట్టకేలకు తెరుచుకుంది. డేగమ్మ మైక్రోస్కోపుకు ఫోను ఆనించి తీసిన ఫొటో తెరంతా పరుచుకుంది. తెల్లకణాలేవో కొన్ని నొక్కి చూపిస్తే మిగతావి వెతుకుతానంటోందని చెల్లెలు చదివి చెప్పింది.

డేగమ్మ తెరకు ముక్కు ఆనించినంత పని చేసి, రంగు అద్దాక తెల్లకణాలు ఊదాగా కనబడతాయి కాబట్టి ఊదారంగు చుక్కలను వెతికి వెతికి నొక్కింది. చూస్తుండగానే ఫొటో నిండా గుర్తులు పడ్డాయి.

"ఎంత చకచకా పట్టేసిందో చూశావా!" అని నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

చెల్లెలు నవ్వలేదు. "అక్కా, తెల్లకణం కడుపులో గింజలాంటిది ఉంటుందని చిన్నప్పుడు చూపించేదానివి. నువ్వు నొక్కినవాటిలో ఒక్కదానికీ లేదే. ఇవి రంగు మరకలు కదూ? గింజ ఉన్నవి ఇదిగో, పక్కనే ఉన్నాయి."

డేగమ్మ ఆ పక్కకు చూసింది. అక్కడా మచ్చే కనబడింది.

"నీ కళ్ళకేమైందక్కా?"

ఇక దాచలేక చెప్పేసింది. చెల్లెలు ముక్కు ఎగబీలుస్తూ మౌసు అందుకుంది. "నేను నొక్కుతాలే. రోజూ ఫొటోలు పంపించు. ఎవరికీ తెలియదు."

డేగమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది. ఉద్యోగం సంగతి అప్పుడు ఆవిడ మనసులోనే లేదు.

"నిన్న కూడా రిపోర్టుల మీద సంతకం పెట్టానే," అంది. "వాటిని చూసి మందులు కూడా ఇచ్చేసి ఉంటారు."