ఆగిన బెల్టు, సాగిన బెల్టు

బతుకమ్మ పండుగకు ముందు ఆదివారం, పొద్దున ఏడున్నర. మిరుదొడ్డి నుంచి ట్రాక్టరు మీద వచ్చి, సిద్దిపేటలో పాత కార్లు అమ్మే ఒకాయన గేటు ముందు ముగ్గురం దిగాము. ఆయన రమ్మన్నది ఎనిమిదిన్నరకు. గంట ముందే పోదామని పట్టుబట్టింది నేను. అమ్మేవాడు ముస్తాబు చేయకముందే సరుకు చూడాలి. ఆ రోజుల్లో, నేను బావులు తవ్వే కూలీగా ఉన్న వయసులో, మా పనిలో నమ్మకం అన్న మాటే లేదు. లోపలికి దిగేముందు ప్రతివాడూ గిరక మీది తాడును తన చేత్తో ఒక్క గుంజు గుంజేవాడు. జర్రున సాగితే "సాగింది" అని అరిచి దిగేవాడు. మధ్యలో పట్టుకుని ఆగితే ఆ పూట ఎవరూ దిగేవారు కాదు. మట్టిగంప పైన చిక్కుకుంటే కింద ఉన్నవాడి నెత్తికి దిక్కులేదు మరి. పని పోయినా ఆ గుంజుడు నా చేతుల్లో ఉండిపోయింది. (కొత్త కరెంటు వైరును కూడా గుంజి చూశాను. ఆ రాత్రి ఇల్లంతా చీకట్లో అన్నం తిన్నాం.)

కారు కొనబోయేది నా తమ్ముని కొడుకు. ఎవరో వాడి వదిలేసిన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పెండ్లి బరాత్‌లకు కిరాయికి తిప్పుతాడట. దానికి బదులుగా ఇవ్వబోయేది మేము ఎక్కి వచ్చిన ట్రాక్టరే. వాళ్ల ఇల్లు గడిచేది దాని మీదనే. కారు చెడ్డదైతే అదీ ఉండదు, ఇదీ ఉండదు. అందుకే పిలవకపోయినా మడ్‌గార్డు మీద కూర్చుని వెంట వచ్చాను. వాడి భార్య, అంటే మా కోడలు, "పెద్దమామ వస్తుండు, ఇగ కారు కొన్నట్టే" అని దారంతా గొణుగుతూనే ఉంది.

అమ్మేవాడు అంత పొద్దున్నే నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. నాకు మొదటి అనుమానం అక్కడే. తమ్ముని కొడుకు అప్పటికే ట్రాక్టరు తాళం ఆయన చేతిలో పెట్టేశాడు. ఆయన బండి స్టార్ట్ చేసి ఉంచాడు. నేను కారు చుట్టూ తిరిగాను.

"బండేంది, గిట్ల నేలకు కూసున్నది? స్ప్రింగులు పోయినయా?"

"స్పోర్ట్స్ కారు గట్లనే ఉంటది తాతా."

"గా చప్పుడేంది? సైలెన్సర్ పలిగిందా?"

"ఆ చప్పుడుకే జనం ఎగబడుతరు తాతా."

"లోపట గింత సెంటు ఎందుకు కొట్టిన్రు? ఏం వాసన దాస్తున్రు?"

ఆయన మావాడి వైపు తిరిగాడు. "అన్నా, మీ పెద్దబాపు పోలీసుల చేసిండా?"

"లేదన్నా, బాయిల చేసిండు."

తర్వాత కాగితాల మీది నంబరునూ బండి మీది నంబరునూ ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదివాను. (నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. వాటినీ అంత తొందరగా నమ్మను.) రెండూ కలిశాయి. ఇంత బాగా ఎందుకు కలిశాయని మళ్లీ చదివాను. మావాడు తల పట్టుకున్నాడు.

చివరికి డ్రైవర్ సీట్లోకి దిగాను. దిగాను అనే అనాలి, అంత లోతుంది. కోడలు అప్పటికే పక్క సీట్లో బెల్టు పెట్టుకుని ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది. నేను నా పక్కనున్న బెల్టును పాత అలవాటుగా ఒక్క గుంజు గుంజాను. టక్కున ఆగింది. మళ్లీ గుంజాను. మళ్లీ ఆగింది.

"ఇగో, దొరికింది. గిది పట్టుకపోయింది. పనికిరాదు."

నల్లద్దాలాయన పడీపడీ నవ్వాడు. "గుంజితె ఆగాలె తాతా. బండి గుద్దినప్పుడు మనిషిని ఆపేది గదే."

"పెద్దబాపూ, నీకు దండం పెడుత, ఇజ్జత్ తీయకే" అన్నాడు మావాడు.

నేను ఊరుకోలేదు. కోడలి బెల్టును పట్టి గుంజాను. జర్రున సాగింది, బారెడు. నా మనసు కుదుటపడింది. ఆ పొద్దున మొదటిసారి ఒక వస్తువు నచ్చింది. "గిది బెల్టంటె. ఎంత సాఫ్‌గ సాగింది. బిడ్డా, నువ్వెప్పుడైన గీడ్నే కూసో."

ఎవరూ నవ్వలేదు. మావాడు బండి చుట్టూ తిరిగి వచ్చి ఆ బెల్టును తానే గుంజాడు. సాగింది. గట్టిగా గుంజాడు. సాగింది.

"అన్నా, గిది ఎందుకు ఆగుతలేదు?"

"సర్వీసింగుల ఏదన్న..." అంటూ ఆయన అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మావాడు తలుపు అంచున ఉన్న రబ్బరును లాగాడు. దాని కింద, తోకలా పొడుగ్గా వెల్డింగు మచ్చ. "గీ దిక్కే గుద్దిన్రు" అన్నాడు మెల్లగా. కోడలు ఫోను సంచిలో వేసుకుని దిగింది. "నన్ను గీడ కూసోవెట్టి తిప్పుదామనుకున్నవా?" అని అడిగింది. మావాడు పోయి నల్లద్దాలాయన ముందు చెయ్యి చాపాడు. ట్రాక్టరు తాళం తిరిగి వచ్చింది.

ఊరి దారిలో సగం దూరం పోయాక కోడలికి నవ్వు ఆగలేదు. "మామా, మంచియన్ని అనుమానించినవ్. మంచిగున్నదని మెచ్చుకున్నది గా ఒక్క దాన్నే." నిజమే. కానీ ఊళ్లో మాత్రం బండి మోసాన్ని నేనే పట్టానని చెప్పుకుంటారు. నేను పెద్దగా కాదనను. ఇప్పటికీ కిరాయి కారు ఎక్కేముందు బెల్టు గుంజుతాను. అది ఆగగానే పాత గుండె ఒక్కసారి జల్లుమంటుంది. వెనక సీటు నుంచి కోడలు, "ఆగింది మామా, ఇగ ఎక్కు" అంటుంది.

ఆ రోజు అక్కడ ఉన్నది తమ్ముని కొడుకు, కోడలు, నల్లద్దాలాయన, నేను. ఇంకొకడు కూడా ఉన్నాడు. బావి ఒడ్డున తాడు పట్టుకుని, దిగాలా వద్దా అని నిలబడే నాలోని ఆ బక్క పోరడు. బెల్టు గుంజింది వాడే.